సొట్ట లేని జీపు

ఆ ఉదయం డాక్టరుగారి కార్యక్రమం చాలా చిన్నది. పది గంటలకు బావమరిది వీడియో కాల్ చేస్తాడు, జీపు చూపిస్తాడు. అది మన జీపో కాదో పావుగంటలో తేలిపోతుంది. మనదయితే కొనడం, కాకపోతే స్నానానికి లేవడం.

డాక్టరుగారంటే పశువుల డాక్టరు. ముప్పయ్యేళ్లు సర్కారు జీపులో తిరిగి, గేదెలకూ గొర్రెలకూ గుర్రాలకూ వైద్యం చేసి రిటైరయ్యారు. అదే ఏడు జీపునూ వేలం వేశారు. తన వీడ్కోలు సభలో రాయిలా కూర్చున్న మనిషి, జీపును తాడు కట్టి లాక్కుపోతుంటే ఆఫీసు వరండాలో నిలబడి కళ్లు తుడుచుకున్నారు. తొమ్మిదేళ్ల తర్వాత మొన్న, ఫోన్లో మోకాళ్ల తైలం కోసం వెతుకుతుంటే ఒక ప్రకటన కనబడింది. పాత జీపు, విప్పి బాగుచేసి కొత్తదానిలా తయారుచేసినది, అమ్మకానికి సిద్ధం. ఫొటోలో ఆ రెండు దీపాలూ, ఆ మూతీ చూడగానే ఆయన తైలం సంగతే మరిచిపోయారు.

"ఏమోయ్, ఇది మనదే," అన్నారు భార్యతో.

"అలాంటివి లోకంలో ఎన్ని లేవు," అంది ఆవిడ, ఉతికిన బట్టలు మడత పెడుతూ.

"నీకా జీపంటే ప్రాణం కదా. ఎక్కడికెళ్లినా పక్క సీట్లో నువ్వుండాల్సిందే."

ఆవిడ మడిచిన తువ్వాలునే విప్పి మళ్లీ మడిచింది.

ఆయనకు కావలసింది ఏదో ఒక జీపు కాదు, ఆ జీపే. వేరేది బంగారంతో చేసినా అక్కర్లేదు. చిక్కేమిటంటే, వేలంలో పోయాక దాని నంబరు మారిపోయింది, పాత కాగితాలు ఎవరి దగ్గరా లేవు. స్వయంగా చూద్దామంటే అది రెండు రోజుల ప్రయాణమంత దూరంలో ఉంది, ఆయన మోకాళ్లు వీధి చివరిదాకా వెళ్లడానికే బతిమాలించుకుంటున్నాయి. పైగా మధ్యాహ్నం పన్నెండుకు ఇంకొకాయన కొనడానికి వస్తున్నాడనీ, ఆలోగా మాట చెప్పమనీ అమ్మే మెకానిక్కు ముందే అన్నాడు.

అదృష్టమో దురదృష్టమో, ఆ ఊళ్లోనే ఆవిడ తమ్ముడున్నాడు. గోదాములు తనిఖీ చేసే ఉద్యోగం. ఇంట్లో పిలుపు టిక్కు. కూరగాయలకు వెళ్లినా చేతిలో అట్టకు బిగించిన కాగితం ఉండాల్సిందే, ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టాల్సిందే. కాగితంలో ఉన్నది చీమంత ఉన్నా వదలడు. లేనిది ఏనుగై ఎదురుగా నిలబడినా చూడడు.

ముందురోజు సాయంత్రం డాక్టరుగారు అతనికి ఫోన్లో నాలుగు ఆనవాళ్లు రాయించారు. పక్క సీటు తలుపు లోపలినుంచి తెరుచుకోదు, మోకాలితో తన్నాలి. హారను కొడితే వైపరు ఒకసారి అటూ ఇటూ ఊగుతుంది. మూడో గేరులో కడుపుబ్బిన గేదెలా మూలుగుతుంది. వెనక తలుపు మీద, ఒక ఎద్దు కొమ్ము విసిరినప్పుడు పడ్డ సొట్ట ఉంటుంది. ఇవి ఉన్నాయో లేవో చూడమన్నారు. ఎందుకో చెప్పలేదు. టిక్కు అడగనూ లేదు. అతని కాగితంలో ఎందుకు అనే గడి ఉండదు.

సరిగ్గా పది గంటలకు ఫోను మోగింది. తెర మీద రేకుల షెడ్డు, గోడకు వరసగా వేలాడుతున్న రెంచీలు, నడుమ ఆకుపచ్చగా మెరిసిపోతూ జీపు. పక్కన ఒక మెకానిక్కు గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఒకటి," అన్నాడు టిక్కు, గోదాములో మాట్లాడే గొంతుతో. "తలుపు లోపలినుంచి రాదు, తన్నాలి. ఉందా?"

మెకానిక్కు మొహం మాడిపోయింది. ఎనిమిది నెలలు కూర్చుని అతను కుదిర్చిన జబ్బుల్లో మొదటిది అదే. ఈ మనిషెవరో బండి పాత రోగాలన్నీ ఎక్కడెక్కడో తవ్వి రాసుకొచ్చాడనుకున్నాడు. అమ్మేవాడు అలాంటివి ఒప్పుకుంటాడా?

"ఈ బండికి అలాంటి రోగం పుట్టినప్పట్నుంచీ లేదు సార్," అని తలుపు తీసి చూపించాడు. చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంది.

"లేదు," అని రాసుకున్నాడు టిక్కు. హారను కొట్టించాడు. వైపరు ఉలకలేదు, పలకలేదు. షెడ్డు చుట్టూ మూడో గేరులో తిప్పించాడు. మూలుగు లేదు. వెనక తలుపు అరచేత్తో నిమిరి చూశాడు. నున్నగా ఉంది.

"నాలుగుకి నాలుగూ లేవు బావగారూ. బండి ఫస్టు క్లాసుగా ఉంది."

ఒకసారి పోగొట్టుకున్నదాన్ని మళ్లీ పోగొట్టుకున్నట్టయింది డాక్టరుగారికి. ఆ మూలుగు వింటూ వాన దారుల్లో పోవడం, హారను కొట్టి వైపరు ఊపి పిల్లల్ని నవ్వించడం, ఇవేవీ ఈ మెరుపులో లేవు.

"అయితే అది మనది కాదోయ్. వద్దని చెప్పు. అవేవీ లేని జీపు నాకెందుకు?"

ఆ మాట మెకానిక్కు చెవిన పడింది. "ఏంటి సార్, ఆ రోగాలు లేవనా వద్దంటున్నారు?"

"అవునయ్యా. అవి ఉంటేనే కావాలి."

మెకానిక్కు నోట్లో వెలక్కాయ పడింది. ఉండేవని ఇప్పుడు చెబితే ఇందాకటిది అబద్ధమవుతుంది, చెప్పకపోతే బేరం పోతుంది. కాసేపు నెత్తి గోక్కున్నాడు. "ఒక్క పది నిమిషాలు ఆగండి సార్. మనం సరిగ్గా చూడలేదేమో," అని చేతికందిన పనిముట్లు తీసుకుని డాష్‌బోర్డు కిందికి దూరాడు.

పది నిమిషాల తర్వాత హారను మోగింది. వైపరు ఒకసారి అటూ ఇటూ ఊగి ఆగింది.

"చూశావుటోయ్, అదే. అచ్చం అలాగే ఊగేది," అన్నారు డాక్టరుగారు.

"ఇప్పుడే వైరు కలిపాడు బావగారూ," అన్నాడు టిక్కు. అబద్ధం అతనికి చేతకాదు. "ఉంది అని రాయనా, పెట్టించారు అని కొత్త గడి గియ్యనా?"

డాక్టరుగారికి ఒళ్లు మండిపోయింది. "ఏమయ్యా, నేనేదో ముసలాణ్ణి, కళ్లు కనబడవనుకున్నావా? నా జీపునే తయారుచేసి నాకే అమ్ముతావా?"

"ఒట్టు సార్. అవన్నీ ఉండేవే. నేనే బాగుచేశాను."

"ఇందాక పుట్టినప్పట్నుంచీ లేవన్నావు."

"అది అమ్మేటప్పుడు అనే మాట సార్."

"మరి ఇదేం మాట?"

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ షెడ్డులో మాత్రం నిజానికి నిలబడడానికి చోటు లేకుండా పోయింది. నమ్మించాలన్న ఆత్రంతో మెకానిక్కు మూలనున్న డబ్బాలోంచి పాత గొళ్లెం తీసుకొచ్చి పక్క సీటు తలుపుకు బిగించాడు. పరీక్షిద్దామని లోపల కూర్చున్న టిక్కు తలుపు వేసుకున్నాడు. ఇక అది రాలేదు. మోకాలితో తన్నమన్నారు డాక్టరుగారు. టిక్కు జన్మలో దేన్నీ తన్నలేదు. మొహమాటంగా రెండుసార్లు తట్టాడు. అవతలివైపు తలుపు అతని కాగితంలో లేదు.

"బావగారూ, ఒకటో ఆనవాలు గట్టిగానే ఉంది. నేను బయటికి రాలేకపోతున్నాను. టిక్కు పెట్టేస్తున్నాను."

"పెట్టకు. అదీ వాడిప్పుడు పెట్టిందే," అని కసురుకున్నారు డాక్టరుగారు.

మెకానిక్కుకు తలప్రాణం తోకకు వచ్చింది. "సొట్ట కూడా ఉండేది సార్. ఇక్కడే, ఇంత," అంటూ సుత్తి తీసుకుని తన చేత్తో నునుపుచేసిన వెనక తలుపు మీద ధడేలున ఒకటి వేశాడు. రంగు పెళ్లలుగా లేచిపోయింది. లోపల టిక్కు ఉలిక్కిపడి స్టీరింగు పట్టుకోబోతే చెయ్యి హారను మీద పడింది, వైపరు ఊగింది.

పన్నెండుకు రావలసిన రెండో ఆయన పదకొండున్నరకే వచ్చాడు. అమ్మేవాడు సుత్తి పుచ్చుకుని తన బండినే బాదుతున్నాడు. లోపలొక పెద్దమనిషి అద్దం తడుతూ హారను కొడుతున్నాడు. చినుకైనా లేకుండా వైపరు తుడుస్తోంది. వచ్చినాయన గుమ్మంలో కాసేపు నిలబడి, ఎవరినీ పలకరించకుండా వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మెకానిక్కు ఒక పాత టైరు మీద కూలబడ్డాడు. "ఎనిమిది నెలలు సార్. ఆ సొట్ట తియ్యడానికే వారం పట్టింది. అబద్ధమాడావని మీరంటే ఒప్పుకుంటాను. కానీ దీన్ని ఇంతలా ప్రేమించినవాళ్లు ఎవరో ఉన్నారని ముందే తెలిస్తే ఒక్క నట్టు కూడా కదిపేవాణ్ణి కాదు."

డాక్టరుగారు ఆ మాటకు కొంచెం మెత్తబడ్డారు గానీ నమ్మకం మాత్రం కుదరలేదు. నమ్మి, అది తనది కాకపోతే? ఎవరి జీపునో నిమురుతూ కూర్చోవడం తన వల్ల కాదు. ఫోను పెట్టేద్దామని వేలు చాపారు.

"ఇటివ్వండి," అని ఆవిడ వచ్చి ఫోను తీసుకుంది. "తమ్ముడూ, నీకెదురుగా చిన్న అర ఉంది చూడు. తెరువు."

"అది కాగితంలో లేదక్కా."

"తెరువు."

టిక్కు తెరిచాడు.

"దాని తలుపు లోపలివైపు చూడు. ఏమున్నాయి?"

"గీతలున్నాయక్కా. సన్నగా, వరసగా, ఎవరో గీసినట్టు."

"లెక్కపెట్టు."

అది అతనికి ఇష్టమైన పని. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "అరవై మూడు."

ఆవిడ తలూపింది. మెకానిక్కు అవతలి కిటికీలోంచి తల పెట్టాడు. "బండి మొత్తంలో రంగు వెయ్యనిది అదొక్కటేనమ్మా. ఎవరో శ్రద్ధగా గీసుకున్నారు, చెరపడానికి మనసొప్పలేదు."

"మనదే," అంది ఆవిడ భర్తతో. "కొనుక్కోండి."

డాక్టరుగారు నిలువునా పొంగిపోయారు. ఆ పొంగులో సగం దూరం వెళ్లాక ఆగారు. "అవేం గీతలోయ్? నేనెప్పుడూ చూడలేదే."

"మీరు పక్క సీట్లో ఎప్పుడు కూర్చున్నారు గనక? ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను, కూర్చో అని మీరు దిగి వెళ్లినప్పుడల్లా ఒక గీత."

"అరవై మూడుసార్లా?"

"ఐదు నిమిషాలకు గియ్యలేదు. రెండు గంటలు దాటితేనే గీశాను."

ముప్పయ్యేళ్లూ తన పక్కనే కూర్చుందని ఆయన ఊరందరికీ చెప్పుకున్న మనిషి, చాలాసార్లు ఖాళీ సీటు పక్కన కూర్చుందన్నమాట. ఒకసారి దూడ అడ్డం తిరిగిందని పొద్దున దిగి, చీకటి పడ్డాక తిరిగొచ్చిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆవిడ ఏం తిన్నదో ఆయనకు తెలియదు. సిగ్గుతో తల వంచుకున్నారు.

"ఒక్కసారైనా అనలేదేం?"

"ఏమనను? వస్తూనే ఆ దూడ ఎలా లేచి నిలబడిందో చెప్పేవారు. మోచేతులదాకా బురద, మొహం నిండా నవ్వు. ఆ నవ్వు చూశాక నోరెలా వస్తుంది? నాకూ ఆ జీపంటే ఇష్టమేనండీ. నా వయసంతా అందులోనే గడిచింది."

"మరి అరవై మూడుతో ఎందుకు ఆపేశావు?"

"పిన్నీసు విరిగింది."

"అయితే వద్దులే," అన్నారు డాక్టరుగారు చివరికి, ఎంతో కష్టం మీద.

"ఎందుకొద్దు? నాకు కావాలి," అని ఆవిడ ఫోను వైపు తిరిగింది. "బాబూ, ముందు మా తమ్ముణ్ణి బయటికి తియ్యి. తలుపూ హారనూ మళ్లీ బాగుచెయ్యి. సొట్ట ఉండనీ, అది ఆయనకిష్టం. ఆ అర జోలికి మాత్రం వెళ్లకు."

జీపు లారీ మీద ఇంటికి చేరేసరికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా ఆవిడ పొద్దున్నే డ్రైవింగు స్కూలుకు వెళ్లి వచ్చింది. ఎందుకని అడిగే ధైర్యం డాక్టరుగారికి లేకపోయింది. జీపు దిగిన మర్నాడు ఆయన వెనక తలుపు నిమిరి, సొట్ట నిమిరి, తాళంచెవి కోసం చెయ్యి చాపేసరికి ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని ఉంది. ఆయన చుట్టూ తిరిగొచ్చి పక్క సీటెక్కారు. ఆవిడ నెమ్మదిగా, చక్కగా నడిపింది. చిన్ననాటి స్నేహితురాలి ఇంటి ముందు ఆపి, కొంగు సర్దుకుని దిగింది.

"ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను, కూర్చోండి," అంది.

అప్పుడు పదిన్నర. ఒంటిగంటయ్యేసరికి డాక్టరుగారు తన జేబులన్నీ తడుముకున్నారు. ఒక్క పిన్నీసయినా లేదు.