రొట్టెలకొట్టులో పుట్టినతేదీ విమోచనం

నెకర్ నదీతరంగ శీకర శీతల ప్రభాతమారుతము మెల్లగా వీచుచుండగా, శుక్రవారం ఏడున్నర గంటల శుభముహూర్తమున, జర్మనీ దేశపు ట్యూబింగెన్ పట్టణపు రొట్టెలకొట్టులో, క్యూ అనబడు దుర్భేద్య వ్యూహమును ఛేదించి కౌంటరును సమీపించినది శ్రీమతి రోస్విటా హేబెర్లె. చర్చి గాయకబృంద ప్రథమపంక్తి విరాజమాన, తారాస్థాయి విహారిణి, నాలుగేళ్లుగా అరవై ఆరవ ఏటనే అచంచలముగా నిలిచియున్న స్థిరవయస్క.

తెల్లవారితే ఆమెకు డెబ్భై. డెబ్భై నిండిన గాయనిని బుధవారం మధ్యాహ్నపు పెద్దల బృందానికి సాగనంపుట అక్కడి కఠోర నియమము. బృందపు దరఖాస్తులో పుట్టినతేదీ గడిని ఖాళీగా వదిలిన ధీమతి, పది ముద్రలు నిండినచో ఒక రొట్టె ఉచితముగా నిచ్చు ఈ కొట్టువారి కార్డు తీసుకొనునాడు మాత్రము ఏ ఆదమరుపుననో నిజము రాసివేసెను. పుట్టినరోజున కార్డు గీకినచో గంట మ్రోగును, గోడమీది తెరపై పేరూ వయసూ వెలుగును. శనివారం సాధన ముగియగానే బృందమంతా వచ్చునది ఇక్కడికే. కార్డు చూపకుండ కొనవచ్చును గదా అందురేమో. ఒక ముద్ర పోవును. పొదుపునకు పేరుగన్న ఈ స్వాబియా గడ్డపై పుట్టినవారిని అట్టి మాట అడుగరాదు.

"డేర్యా, నా పుట్టినతేదీ చెరిపెయ్యమ్మా. ఐరోపా సమాచార రక్షణ చట్టం, పదిహేడో అధికరణం," అని కౌంటరు వెనుకనున్న అమ్మాయితో ధనుష్టంకారము వలె పలికెను.

"కార్డే తీసేస్తే సులువండీ."

"ఏడు ముద్రలున్నాయి దాంట్లో."

డేర్యా తల వంచెను. ఆ శోకము ఆ ఊళ్లో ఎవరికైనా అర్థమగును.

"సరేనండీ. మీరు మీరేనని తేలాలిగా, పుట్టినతేదీ చెప్పండి."

"అది ఎవరికీ తెలియకూడదనేగా వచ్చింది?"

"కాస్త గట్టిగా. కాఫీ మిషను హోరులో వినబడదు."

అంతలో వెనుకనున్న ఎల్ఫ్రీడె, రెండవ వరుసలో పాడుచు మొదటి వరుసను ఏళ్లుగా కాంక్షించుచున్న ఆ స్వరప్రతిద్వంద్వి, క్యూలోనివారు ఆగవలసిన నేలమీది పసుపుగీతను అరడుగు దాటెను.

"చెప్పవే రోస్విటా, చెవులు మూసుకుంటాలే."

"ముందు గీత వెనక్కి జరుగు. మూసుకోవడం తర్వాత."

అంతట ఆ వీరాంగన కలమును ఖడ్గమువలె దూసి, రొట్టెల సంచీపై రహస్యమును లిఖించి, అరచేత కప్పి అందించి, డేర్యా చూచినదే తడవుగా లాగుకొని ఎనిమిది ముక్కలు గావించెను.

"ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోవట్లేదండీ. ఏదో ఒక తేదీ వెయ్యాలట."

"వెయ్యి. నాది కాకపోతే చాలు."

డేర్యా తేదీల జాబితా అట్టడుగున దొరికినదానిని నొక్కెను. మార్పును చాటుచు కౌంటరుమీది తెర వెలిగెను: రోస్విటా హేబెర్లె, జననము 1900 జనవరి 1.

ఎల్ఫ్రీడె కళ్లద్దాలు సవరించుకొని చదివెను. "వంద ఎప్పుడో దాటావన్నమాట. చర్మం మాత్రం బాగా కాపాడుకున్నావు."

"పాట పాడితే అంతే," అనెను రోస్విటా.

మరునాడు ఆమె ముందు వరుసలోనే పాడెను. ఇట్లు ఇరవై ఏడు ఐరోపా దేశముల శాసనబలముచే, ఒకానొక గడిలో, ఒకానొక నిజము సమూలముగా నిర్మూలింపబడెను.