రద్దయిన పద్ధతిలో బతికిన బొజ్జన్న

నీళ్లలో పడటానికి మనిషికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, పడి తేలినవాణ్ణి బతికించడానికి మాత్రం ఒక పద్ధతి ఉండి తీరాలని 1954లో గవర్నమెంటు తీర్మానించింది. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. గాలి గట్టిగా వీస్తే ఒక శాఖ ఫైళ్లు ఇంకో శాఖలోకి ఎగిరిపోయేవి (శాఖల మధ్య సమన్వయం అంతకంటే బాగా ఆ తర్వాత ఎన్నడూ జరగలేదు). అలాంటి ఒక డేరాలో జలప్రమాద నివారణ విభాగం పుట్టింది.

విభాగం చూపు ముందుగా మద్దిలేటి మీద పడింది. అతను రాళ్లకుంట్ల దగ్గర కాలువ లస్కరు. తూము షట్టర్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. నీళ్లకు ఇంత దగ్గరగా ఉండి జీతం తీసుకుంటున్నవాడు ఇంకొకడు లేడు కాబట్టి, మునిగినవాళ్లను బతికించే శిక్షణకు అతన్నే మూడు రోజులు కర్నూలుకు పిలిపించారు. ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు. రాదని అతనూ చెప్పలేదు.

ఆ శిక్షణలో నీళ్లన్నవి తాగే కుండలో తప్ప ఇంకెక్కడా లేవు. వేరుశనగ పొట్టు కూరిన గోనెసంచిని బోర్లా పడుకోబెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నిమిషానికి పన్నెండుసార్లు దాని వీపు నొక్కాలి. నివారణాధికారి రాఘవేంద్రరావు గారు గడియారం పట్టుకుని నిలబడేవారు. మూడో రోజు సాయంత్రం సంచి పరిస్థితి నిలకడగా ఉందని రాసి, మద్దిలేటికి ఒక సర్టిఫికెట్టూ ఒక ఈలా ఇచ్చి పంపారు.

ఊళ్లో చౌడమ్మ ఊరుకోలేదు. కాలువ గట్టున మేకలు కాచుకునే ఆమె చేపలా ఈదుతుంది.

"ఏమప్పా, నీకు ఈతే రాదు గదా. మునిగినోణ్ణి యాడ బట్టి తీస్తావు?"

"తీసేది నా పని కాదక్కా. తీసినంక నా పని."

నెల తిరక్కుండానే రెండో సర్క్యులర్ వచ్చింది. వీపు నొక్కే పద్ధతి రద్దు. ఇకమీదట వీపు నొక్కి, ఆపైన మోచేతులు పట్టి ఎత్తాలి. దానికి శిక్షణ త్వరలో ఇస్తారు. శిక్షణ లేనివారు ఆ పద్ధతి జోలికి పోరాదు. (ఈలోగా మునగదలచినవారు కొంత ఓపిక పడతారని విభాగం ఆశించింది.)

బొజ్జన్నకు ఈ సంగతి తెలీదు. అతను రోజూ మద్దిలేటితో కలిసి ఒకే అగ్గిపుల్లకు బీడీ ముట్టించుకునే రైతు. ఒక మంగళవారం పొద్దున కొర్రల మూట నెత్తిన పెట్టుకుని, కాలువకు అడ్డంగా వేసిన దుంగ దాటుతూ కాలు జారి దబ్బున పడ్డాడు. చౌడమ్మ కొంగు బిగించి దూకింది. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి గట్టున వేసింది. సరిగ్గా అప్పుడే రాఘవేంద్రరావు గారు జీపులో తనిఖీకి వచ్చి ఉండటం బొజ్జన్న అదృష్టమని రిపోర్టులో ఉంది.

బొజ్జన్నలో ఊపిరి లేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊరంతా మూగింది. కుమ్మరి సారె మీద వేసి తిప్పమని ఒకరు, కడవ బోర్లించి దాని మీద పడుకోబెట్టమని ఇంకొకరు.

"ఆగండి!" అన్నారు రాఘవేంద్రరావు గారు. "సారె ఏ సర్క్యులర్లోనూ లేదు. మద్దిలేటీ, నువ్వు ఏ పద్ధతి చేయబోతున్నావు?"

"నాకు వొచ్చింది నొక్కేదే సామీ."

"అది రద్దు."

"అట్లయితే చేతులు గూడా ఎత్తుతా."

"దానికి నీకు శిక్షణ లేదు. ఉండు, ఫైలు చూస్తాను."

ఆయన జీపు వైపు నడిచారు. చౌడమ్మ కొంగు పిండుకుంటూ అరిచింది. "వాని మూతి నల్లబడతాండాది! ఆయప్ప ఫైలు జూసే లోపల వాని పెండ్లాము గాజులు తియ్యాల్సొస్తాది. నొక్కప్పా!"

మద్దిలేటి కళ్లు మూసుకుని, ఎదురుగా ఉన్నది పొట్టు సంచి అనుకున్నాడు. బోర్లా తిప్పి, తల పక్కకు వంచి, నోట్లోని నాచు వేలితో తీసి నొక్కడం మొదలుపెట్టాడు. ఏడోసారికి తెగించి చేతులు కూడా ఎత్తాడు. పదకొండోసారికి బొజ్జన్న నోట్లోంచీ ముక్కులోంచీ సగం కాలువ బయటికొచ్చింది, వెంట వేలెడు చేపపిల్ల కూడా. దగ్గాడు, చీదాడు, కళ్లు తెరిచాడు.

"నా కొర్రల మూట యాడుండాదప్పా?"

మద్దిలేటికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏం చేయాలో తోచక ఈల ఊదాడు. జనం గంతులేశారు. రాఘవేంద్రరావు గారు కూడా ఒక గంతు వేసి, హోదా గుర్తొచ్చి రెండోది ఆపుకున్నారు. ఎవరో సంగటి ముద్ద తెస్తే ఆయన అడ్డుపడ్డారు.

"ఇప్పుడే తిండి పెట్టొద్దు. తడిబట్టలు తీసి కంబళి కప్పండి. నీళ్లు మింగినవాడు బాగానే ఉన్నట్టుండి సాయంత్రానికి తిరగబడొచ్చు. ఒక రోజు ఆస్పత్రిలో ఉండాలి."

సర్క్యులర్ మొత్తంలో పనికొచ్చే ముక్క అదొక్కటే. సాయంత్రం బొజ్జన్నకు నిజంగానే ఆయాసం వచ్చింది. నందికొట్కూరు డాక్టరు పక్కనే ఉండబట్టి గట్టెక్కాడు. (జీపు ఎక్కడం అదే మొదటిసారి కాబట్టి, ఆస్పత్రికి పోవడానికి అతను అభ్యంతరం చెప్పలేదు.)

వారానికి మద్దిలేటికి మెమో అందింది. రద్దయిన పద్ధతిలో ఆరుసార్లు, శిక్షణ లేని పద్ధతిలో ఐదుసార్లు నొక్కి ఒక రైతును బతికించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. అతను బడిపంతులుతో రాయించాడు: "తప్పయింది సామీ. ఆ మనిషి నాకు శానా కావాల్సినోడు." విచారణ రెండు నెలలు సాగి, ఆ ప్రాణరక్షణ అక్రమమని తేల్చింది. అయితే బొజ్జన్నను యథాపూర్వ స్థితికి చేర్చడం ఆచరణలో కష్టమని డాక్టర్లు చెప్పినందున, ఈ ఒక్కసారికి మన్నించారు.

ఇక మళ్లీ జరగకుండా చూడాలి గదా. విభాగం వేసిన సంఘం ఒకటి కూర్చుంది. దుంగ తీసి వంతెన కడితే అది రోడ్ల వాళ్ల పని అవుతుంది. పిల్లలకు ఈత నేర్పిస్తే చదువుల వాళ్ల పని అవుతుంది. కడకు, ఇంతవరకూ జరిగిన మునకలన్నిటిలోనూ నీళ్ల ప్రమేయం ఉన్నట్టు గమనించి, కొత్త శిక్షణ పూర్తయ్యేదాకా షట్టర్లు దించి ఉంచాలని ఆర్డరు వేశారు.

దించింది మద్దిలేటే. చక్రం తిప్పుతుంటే అతని గుండె కూడా షట్టరుతోపాటు కిందికి దిగింది. బొజ్జన్న గట్టున కూర్చుని చూశాడు.

"నన్ను బతికిస్తివి, నా చేనును సంపుతాండావు గదప్పా."

మద్దిలేటి వచ్చి పక్కన కూర్చున్నాడు. బీడీ ఒకటి ఇచ్చాడు.

ఏడాది తిరిగింది. శిక్షణ మాత్రం మొదలు కాలేదు. రాళ్లకుంట్ల పరిధిలో నీటి ప్రమాదాలు సున్నాకు దిగాయి. రాఘవేంద్రరావు గారు పూలదండ తీసుకుని, ఎండిన కాలువలోనే జీపు నడిపించుకుంటూ (దారి దగ్గరవుతుంది) వచ్చారు. జిల్లాకే ఆదర్శమని మద్దిలేటి మెడలో వేశారు. అప్పటికి ఊరి బావులు అడుగంటి నెల దాటింది. బొజ్జన్న తల్లితో కలిపి ముగ్గురు ముసలివాళ్లు ఆ ఎండలకే పోయారు.

మద్దిలేటి దండ తీసి చేత్తో పట్టుకుని, మెల్లగా అడిగాడు.

"నీళ్లల్లో పడి ఎవురూ పోలేదు సామీ, నిజమే. నీళ్లు లేక ముగ్గురు పోయిరి గదా?"

రాఘవేంద్రరావు గారు నిజంగానే బాధపడ్డారు. అతని భుజం మీద చెయ్యి వేశారు.

"వాళ్లు వేరే శాఖ కిందికొస్తారు, మద్దిలేటీ."