జూన్ ఇక్కడ, జూలై అక్కడ

...అయినా ఫ్రాన్సు కుర్రాళ్ళూ జర్మనీ కుర్రాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంటే ధవళేశ్వరంలో నీకేమిటయ్యా లాభం, అని అడుగుతారు నన్ను. చాలా లాభం. యూరప్ దేశాల మధ్య సాంస్కృతిక, విద్యా సహకారం పెరగడం వల్ల ఈ భూమ్మీద అందరికంటే ఎక్కువ బాగుపడింది మా వీధి. ఈ మాట ఏ సభలోనైనా నిలబడి చెబుతాను. ఇంతవరకూ ఏ సభవారూ పిలవలేదు, అంతే.

నమ్మకం కలగడం లేదా? మా పక్కింటి సంపూర్ణమ్మగారి వంటింట్లోకి తొంగి చూడండి. అలమర అరల్లో పరిచి ఉన్నదేమిటి? యూరప్ సహకారం మీద అచ్చేసిన రంగుల పుస్తకాల కాగితాలు. ఎవరో విద్యామంత్రిగారి చిరునవ్వు మీద కందిపప్పు డబ్బా, ఆరు దేశాల విద్యార్థుల బృందగానం మీద ఆవకాయ జాడీ. అంత దళసరి, అంత నున్నటి కాగితం మన దేశంలో పెళ్ళి శుభలేఖలకి కూడా వాడరు. వీధి చివర పెసరట్లు పోసే సూర్యకళ అయితే ఆ కాగితం కోసమే నాకు అల్లం ముక్కలు ఎక్కువేస్తుంది. నూనె పీల్చదు, చట్నీ కారదు. తినడం అయ్యాక తుడుచుకుని చదువుకోవచ్చు కూడా.

ఇవన్నీ నాకెలా వస్తాయంటే, ఉత్తరాలు రాస్తే వస్తాయి. షార్ట్‌వేవ్ రేడియోలో యూరప్ స్టేషన్లు వినాలి. "మీ కార్యక్రమం ఫలానా రోజు, ఫలానా టైముకి, కొద్దిపాటి గరగరతో చక్కగా వినబడింది" అని రాసి పోస్టు చెయ్యాలి. నెల తిరక్కుండా పుస్తకాలు, స్టిక్కర్లు, ఒక్కోసారి కీచైను, పైన ఓ ఉత్తరం: "మీరు విన్నందుకు ధన్యవాదాలు." ఇరవై రెండేళ్ళుగా ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాని. రోజూ ఎందరి మాటలో వింటాను. విన్నందుకు నాకు ధన్యవాదాలు చెప్పింది ఆ స్టేషన్లవాళ్ళొక్కరే.

ఇక వాళ్ళ చదువుల సంగతి. ఇటలీ పిల్లవాడు సగం చదువు ఇటలీలో చదివి, తక్కిన సగం హాలండులో చదువుకోవచ్చట. మార్కులు వాడి వెనకే వెళతాయట. పాపం, ఆ పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? సంపూర్ణమ్మగారి మనవరాలు వీరవేణి గోదావరి ఆవలి కాలేజీ నుంచి ఈవలి కాలేజీకి మారింది. టీసీ, కాండక్టు, మైగ్రేషను, వాటి నకళ్ళు, నకళ్ళ మీద సంతకాలు. అన్నీ చేతికొచ్చేసరికి పరీక్షలే అయిపోయాయి. ఆ పిల్లకి వచ్చిన ఓర్పు ఇటలీ పిల్లవాడికి ఎన్ని దేశాలు తిరిగితే వస్తుంది? సహకారం వాళ్ళకి అవసరం కనక వాళ్ళు పెంచుకుంటున్నారు. మనకెందుకు? మనం వినాలి, విని బాగుందని రాయాలి.

నేను మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆ అధికారంతో ఒక సిద్ధాంతం చెబుతాను. ఎవరైనా రాజీ పడుతుంటే మనిషికి మహానందం. రాజీ పడేవాళ్ళు ఎంత దూరంగా ఉంటే ఆనందం అంత ఎక్కువ. అయిదువేల మైళ్ళ అవతల రెండు దేశాలు చేతులు కలిపాయని వింటే నాకు కళ్ళు చెమరుస్తాయి. అదే గోదావరికి ఆ గట్టు, ఈ గట్టు అయితే? అప్పుడు మెడ పట్టేస్తుంది.

ఈ సిద్ధాంతానికి ఆధారం ఉంది. ఆధారం పేరు జీవరాజు. కాపురం కొవ్వూరు.

మేమిద్దరం కలిసి 'గోదావరి-యూరప్ శ్రోతల సంఘం' పెట్టాం. లెటర్‌ప్యాడ్ అచ్చేయించాం, రబ్బరు స్టాంపు చేయించాం. నేను అధ్యక్షుణ్ణి, అతను కార్యదర్శి. సభ్యులెవరూ లేరు. ఉన్నవాళ్ళందరం పదవుల్లోనే ఉన్నాం. ఏడేళ్ళు ఏ తగాదా లేకుండా నడిచింది. ఆదివారం ఆదివారం అతను వంతెన దాటి వచ్చేవాడు, ఒకే రేడియోకి చెరొక చెవీ ఆనించి కూర్చునేవాళ్ళం.

అప్పుడు ఒక స్టేషను నుంచి వచ్చింది తొంభై ఎనిమిది కాలెండరు. పన్నెండు నెలలు, పన్నెండు పెద్ద బొమ్మలు, ప్రతి బొమ్మలోనూ రెండు దేశాలవాళ్ళు కలిసి ఏదో ఒకటి చేస్తుంటారు. జనవరిలో కలిసి బొమ్మలు గీస్తారు, మార్చిలో వయొలిన్ వాయిస్తారు, జూన్‌లో ఒక పాత చర్చికి సున్నం వేస్తారు. వాళ్ళు పన్నెండు దేశాలకి సరిపడా స్నేహం పంపారు గానీ ఇద్దరు మనుషులకి ఒక్కటే కాలెండరు పంపారు.

నాగరికులం కదా, మధ్యకి విడదీసుకున్నాం. జనవరి నుంచి జూన్ దాకా ఆరు కాగితాలు నా గోడ మీద, జూలై నుంచి డిసెంబరు దాకా ఆరు అతని గోడ మీద. జూలై ఒకటో తారీఖున సగాలు మార్చుకోవాలి. ఒప్పందం లెటర్‌ప్యాడ్ మీద రాసుకుని స్టాంపు కూడా వేశాం.

జూలై ఒకటిన నేను ఇంట్లో కూర్చున్నాను. కార్యదర్శి కాగితాలు పట్టుకుని అధ్యక్షుడి దగ్గరికి రావాలా, అధ్యక్షుడు బస్సెక్కి కార్యదర్శి ఇంటికి వెళ్ళాలా? మీరే చెప్పండి. అతను రాలేదు. ఆదివారం వచ్చింది, అతను రాలేదు. ఇప్పుడు రెండువేల ఒకటి. మూడేళ్ళుగా మా ఇంట్లో జూన్ నెలే. ఆ చర్చికి సున్నం వేస్తూనే ఉన్నారు.

ఆఫీసులో అటెండరు పల్లంరాజు నన్ను యూరప్‌గారూ అని పిలుస్తాడు. రోజూ టీ గ్లాసు బల్ల మీద పెట్టి అదే ప్రశ్న.

"ఏమండీ యూరప్‌గారూ, జర్మనీ వాళ్ళూ ఫ్రాన్సు వాళ్ళూ రాజీ పడ్డారాండీ?"

"ఎప్పుడో పడ్డారయ్యా. వచ్చే ఏడాది నుంచి ఒకే నాణెం వాడతారు."

"అలాగాండీ. మరి కొవ్వూరు వాళ్ళండీ?"

నేను టీ తాగుతాను.

ఇలా ప్రశాంతంగా ఉండగా ఆ కాలెండరు పంపిన స్టేషనువాళ్ళే వ్యాసాల పోటీ పెట్టారు. విషయం: యూరప్ దేశాల మధ్య సాంస్కృతిక, విద్యా సహకారాన్ని బలపరచడం ఎలా? నా కోసమే పెట్టినట్టుంది. పధ్నాలుగు పేజీలు రాశాను. పక్కవాడి ఇంటికి ముందుగా వెళ్ళినవాడే గొప్పవాడని నాలుగో పేజీలో రాసింది చదువుకుని నేనే కాసేపు కదిలిపోయాను. తర్వాత ఫారం చూశాను. వ్యాసం రెండు వేర్వేరు ఊళ్ళవాళ్ళు కలిసి పంపాలట. ఇద్దరి సంతకాలూ ఉండాలట. బహుమతి ఒక నీలం గొడుగు, దాని మీద పన్నెండు నక్షత్రాలు. ఇద్దరికీ కలిపి మళ్ళీ ఒక్కటే! కాలెండరుతో వీళ్ళకి బుద్ధి రాలేదు.

నా సంతకం చేశాను. కింద 'అధ్యక్షుడు' అని రాశాను. పక్కన గీత ఖాళీగా ఉంది. వేరే ఊరు అంటే రాజమండ్రిలో వంద మంది దొరుకుతారు. కానీ కొద్దిపాటి గరగరతో వినబడే దాన్ని చక్కగా వినబడింది అని రాయగలవాడు ఒక్కడే. రెండో సంతకం లేకపోతే ఫారం చెల్లదు. సోమవారం టపాలో వెయ్యకపోతే గడువూ దాటిపోతుంది.

శనివారం సాయంత్రం రాజమండ్రి నుంచి వచ్చే సిటీ బస్సులో నా ముందు సీట్లో జీవరాజు భార్య రత్నమాణిక్యం. ధవళేశ్వరంలో చుట్టాలింటికి వస్తోంది.

"బాగున్నారా అన్నయ్యగారూ? నల్లబడ్డారేంటండీ?"

"ఎండలమ్మా. జూన్ కదా."

"అక్టోబరండీ." ఆవిడ నవ్వలేదు. "మా ఇంట్లోనూ ఇంతేలెండి. మూడేళ్ళుగా జూలైయే. ఆగస్టుకి తిప్పబోతే చెయ్యి పట్టుకుంటారు. మార్చుకోడానికి వస్తాడు, రాగానే జూలై కనబడాలి అంటారు."

"ఎవరు వస్తారని?"

"ఎవరేంటండీ, మీరే. వస్తే మీరు కూర్చోడానికి కావాలని ఆదివారం పొద్దున్నే రేడియో దగ్గర రెండో బల్ల వేస్తారు. సాయంత్రం నేను తీస్తాను. నా నడుం సంగతి మీ సంఘంలో ఎవరికైనా పట్టిందాండీ? మీది మీరు తెచ్చి, మాది మీరు పట్టుకెళ్ళండి. ఇద్దరి దగ్గరా కలిపితే గానీ ఒక ఏడాది లేదు, మళ్ళీ దీనికో అధ్యక్షుడు."

నా స్టాపు వచ్చింది. దిగలేదు. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

మా శాఖలో లాకులు ఉంటాయి. కాలవలో రెండు వైపులా నీటిమట్టం సమానమైతే గానీ పడవకి తలుపు తియ్యరు. ఇరవై రెండేళ్ళుగా ఆ కాగితాలు చూస్తున్నాను. నీళ్ళు వాటంతటవి సమానం కావు, ఎవరో ఒకరు ముందు తూము ఎత్తాలి. ఈ సంగతి మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో లేదు. ఉన్నా నేను ఆ పేజీ ఎవరికో పప్పు డబ్బా కిందకి ఇచ్చేసి ఉంటాను.

ఆదివారం పొద్దున్న గోడ మీంచి జూన్ దించాను. వెనక అయిదు నెలలూ సరిచూసి, చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, రాజమండ్రిలో కొవ్వూరు బస్సెక్కాను. దయచేసి అపార్థం చేసుకోకండి. నా సిద్ధాంతం నేను మార్చుకోలేదు. గొడుగు వస్తే ఎలా పంచుకోవాలో ముందే మాట్లాడుకోవాలి కదా! జనవరి నుంచి జూన్ దాకా నాకు, జూలై నుంచి అతనికి అంటే వానలన్నీ అతనికే వెళ్ళిపోతాయి. ఇలాంటివి ముఖాముఖి తేల్చుకోవాలి.

బస్సు వంతెన ఎక్కింది. కింద అంతస్తులో రైలు వెళుతోంది, పైన మా బస్సు వణుకుతోంది. ఒడిలో ఫారం తెరిచాను. నా సంతకం, దాని కింద ఆ మాట. పెన్ను తీసి 'అధ్యక్షుడు' మీద గీత పెట్టాను. కుదుపుకి గీత వంకర పోయింది గానీ మాటకి మాత్రం కొట్టివేత పడింది.