ఆరు బెజ్జాల సబ్బు డబ్బీలు

పళ్ళపొడి నోట్లో ఉండగానే సుందర్ రావు ఆ శనివారం కార్యక్రమం మొత్తం ఖాయం చేసేశాడు. పదింటికల్లా గిటారుకు పాత పికప్పులు ఊడదీసి కొత్తవి బిగించడం, పన్నెండింటికి తలస్నానం, ఒంటిగంటకు భోజనం, నాలుగింటికి చర్చి. కాజీపేట రైల్వే షెడ్డులో పదిహేనేళ్ళుగా ఎలక్ట్రీషియన్‌గా ఉన్నవాడికి రెండు పికప్పులు మార్చడం ఏపాటి పని? అయినా ఎందుకైనా మంచిదని ముందురోజే సెలవు పెట్టాడు. అనుకున్నట్టు జరిగింది ఆ సెలవొక్కటే.

ఆ పట్టుదలకు కారణం ఉంది. ఎలక్ట్రిక్ గిటారుకు తీగల కింద ఉండే పికప్పులే ప్రాణం. తీగ మోగితే ఆ మోతను పట్టుకుని యాంప్లిఫయర్‌కు పంపేవి అవే. సుందర్ రావు గిటారుకున్నవి ముసలివైపోయాయి, వాటి మీద ఉండాల్సిన రేకు మూతలు ఏనాడో ఊడిపోయాయి. మూత లేని పికప్పు పాటతోపాటు ట్యూబ్‌లైటు గోలను కూడా పట్టుకుని వినిపిస్తుంది. పోయిన ఈస్టరు నాడు చర్చిలో పాస్టరు అయ్యగారు సంఘాన్నంతా కళ్ళు మూసుకుని మౌనంగా ఉండమన్నారు. అందరూ ఉన్నారు, గిటారు ఒక్కటే గుయ్యిమని మొత్తుకుంది. హార్మోనియం వాయించే సంఘపెద్ద పౌలుకు అసలే ఆ గిటారంటే పడదు. ఆయన పోరు పడలేక చివరికి అయ్యగారు తీర్పు చెప్పేశారు. ఈ శనివారం కోతల పండుగకు బిషప్ గారు వస్తున్నారు. ఆయన ముందు ఆ గుయ్యి మళ్ళీ వినిపిస్తే గిటారూ దాన్ని వాయించేవాడూ ఇద్దరూ చర్చి పాటల జట్టైన క్వయర్‌లోంచి దిగిపోవాలి.

క్వయర్‌లో ఆ మూల కుర్చీ సుందర్ రావు తండ్రిది. తండ్రి పోయాక అందులో కొడుకును చూసుకోవడానికే తల్లి సారమ్మ ప్రతి ఆదివారం అందరికంటే ముందు పోయి మొదటి వరసలో కూర్చుంటుంది. ఆ కుర్చీ పోతే తల్లికి ముఖం ఎలా చూపించాలో సుందర్ రావుకు తెలియదు. అందుకే ఒక టీటీ స్నేహితుణ్ణి రెండు నెలలు బతిమాలి మద్రాసు నుంచి కొత్త పికప్పులు తెప్పించాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి. మెరిసే రేకు మూతలు, ఒక్కో మూతకు ఆరు తీగల లెక్కన ఆరు బెజ్జాలు.

కొత్త సామాను ఏది వచ్చినా విప్పి చూడందే బిగించకూడదన్నది షెడ్డులో నియమం. మద్రాసువాడు సరిగ్గానే బిగించి ఉంటాడని వేరేవాడైతే అనుకునేవాడు. సుందర్ రావు అనుకోలేదు. మూతలు రెండూ ఊడదీసి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వాకిట్లో బట్టలుతికే బండ మీద ఎండకు పెట్టాడు. తీరా చూస్తే సోల్డరింగ్ సీసం అయిపోయింది. భార్య రాహేలు చర్చి అలంకరణకు తెల్లారే పోయింది. తల్లికి చెప్పి పోదామంటే ఆమె ప్రార్థనలో ఉంది. చెప్పకుండానే సైకిలెక్కి హన్మకొండ పోయాడు.

సారమ్మ ప్రార్థన ముగించి బయటికి వచ్చేసరికి బండ మీద రెండు కొత్త డబ్బీలు తళతళలాడుతున్నాయి. నీళ్ళు కారిపోవడానికి అడుగున ఆరు బెజ్జాలు కూడా ఉన్నాయి. ఇవి సబ్బు డబ్బీలు కాక మరేమవుతాయి? కొడుకు నోరు తెరిచి చెప్పడు గాని ఇంటికి కావలసినవి తెస్తూనే ఉంటాడని ఆమె మనసు నిండిపోయింది. ఒక డబ్బీలో ఎర్ర సబ్బు ముక్క పెట్టి చూసింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

సరిగ్గా అప్పుడే గిన్నెల మీద పేర్లు కొట్టే గుండయ్య వీధిలోకి వచ్చాడు. ఇంట్లోకి లోహపు వస్తువు ఏది వచ్చినా దాని మీద పేరు పడనిదే సారమ్మకు నిద్రపట్టదు. సంఘ భోజనాలకు పోయిన గిన్నెలు తిరిగి ఇల్లు చేరేది పేరు వల్లనేనని ఆమె సిద్ధాంతం. అట్లకాడకు పేరుంది, పాలగిన్నె మూతకు పేరుంది. గుండయ్య చిన్న ఉలి, సుత్తి తీసుకుని రెండు డబ్బీల మీదా చుక్క చుక్కగా "సారమ్మ" అని గట్టిగా కొట్టాడు. రేకు పలచన కావడంతో అక్షరాలున్నచోట లోపలికి కాస్త సొట్ట పడింది. సబ్బుకు సొట్టతో పనేముందని ఇద్దరూ పట్టించుకోలేదు.

అంతలో అయ్యగారి భార్య విమలమ్మ వచ్చింది. పన్నెండింటికి బిషప్ గారు వాళ్ళింట్లోనే దిగుతున్నారు, ఒక మంచి బకెట్టు, కొత్త తువాలు ఉంటే ఇమ్మని అడిగింది. సారమ్మ బకెట్టు ఇచ్చింది, తువాలు ఇచ్చింది, మద్రాసు డబ్బీలో కొత్త సబ్బు కోసి పెట్టి అది కూడా ఇచ్చింది.

సీసం కొట్టు ఆలస్యంగా తెరిచినందుకు దారి పొడుగునా విసుక్కుంటూ సుందర్ రావు వచ్చేసరికి పన్నెండు దాటింది. బండ మీద ఒక్కటే మూత ఉంది. దాంట్లో సబ్బుంది, దాని మీద తల్లి పేరుంది.

"అమ్మా, ఇవి గిటారువే," అన్నాడు.

సారమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. "గిటారుకు సబ్బెందుకురా?"

రెండోది ఎక్కడికి పోయిందో తెలియగానే, పోయి అడిగి తెస్తానన్నాడు. ఇచ్చినదాన్ని వెనక్కి అడిగితే సంఘంలో తన పరువేం కావాలని సారమ్మ నిలదీసింది. అదీ నిజమే. అడగకూడదు, తేవాలి. సుందర్ రావు జేబులో టెస్టర్ పెట్టుకుని మళ్ళీ సైకిలెక్కాడు.

అయ్యగారి ఇంటి గడపలోనే అయ్యగారు ఎదురయ్యారు. గిటారు గురించి బతిమాలడానికి వచ్చాడనుకుని, ఏదైనా నాలుగింటికే తేలుతుందని, మనుషుల సిఫారసు దేవుడి దగ్గర చెల్లదని చిన్న ప్రసంగం చేశారు. లోపల బాత్రూంలోంచి కీర్తన వినిపిస్తోంది. బిషప్ గారు స్నానంలో కీర్తన మొత్తం, అన్ని చరణాలూ పాడతారట. సబ్బు డబ్బీ మహా బాగుందని మెచ్చుకున్నారు కూడానని విమలమ్మ సంబరంగా చెప్పింది. సుందర్ రావు గోడ గడియారం చూశాడు. ఒంటిగంట కావస్తోంది. బిషప్ గారు ఇంకా మూడో చరణంలోనే ఉన్నారు.

"అయ్యగారూ, నేనొచ్చింది గిటారు ముచ్చటకు గాదు," అన్నాడు. తరవాత ఏమనాలో ఆలోచించుకోలేదు, నోటికి షెడ్డు మాటే వచ్చింది. "మీ బాత్రూం గోడల కరెంటు లీకైతాందని నాకు అనుమానం. జర చూసిపోదామని వచ్చిన."

ఆ మాట చిన్నదే. కానీ అయ్యగారి ముఖం పాలిపోయింది. రెండు అంగల్లో బాత్రూం తలుపు దగ్గరికి పోయి దబదబా బాదారు. దేన్నీ ముట్టుకోవద్దని అరిచారు. కీర్తన ఆగిపోయింది.

"బకెట్టు ముట్టుకోవచ్చా?" లోపలినుంచి బిషప్ గారి గొంతు మెల్లగా అడిగింది.

అయ్యగారు సుందర్ రావు వైపు చూశారు. నిజంగా లీకున్నా మెయిన్ స్విచ్ ఆపితే చాలు, ఏ భయమూ లేదన్న సంగతి సుందర్ రావుకు తెలుసు. చెప్తే బిషప్ గారు నిమ్మళంగా మిగతా చరణాలు మొదలుపెడతారు. అందుకని చెప్పలేదు. బకెట్టు ఇనుపది కదా అని మాత్రం అన్నాడు. అబద్ధం ఆడుతున్నందుకు లోపల గిలగిలలాడిపోయాడు, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. నల్లా కూడా ముట్టుకోవద్దని అయ్యగారు అరిచారు. చెంబు సంగతేమిటని లోపలినుంచి ప్రశ్న. చెంబూ వద్దన్నారు. తలుపు గడియ కూడా ఇనుపదే కావడంతో దాన్ని ఎలా తీయాలన్న చర్చ ఇంకో ఐదు నిమిషాలు నడిచింది. చివరికి కొత్త తువాలు చేతికి చుట్టుకుని బిషప్ గారు గడియ తీశారు. ఒంటినిండా నురగతో, పాత పంచెతో ఆ పెద్దమనిషి అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. సుందర్ రావు ఆయన వైపు చూడలేకపోయాడు.

లోపలికి పోయి తలుపు వేసుకుని, సబ్బును గూట్లో పెట్టి, డబ్బీని జేబులో వేసుకోవడానికి అరనిమిషం పట్టింది. బయటికి వచ్చి ఇప్పుడేం ఫికర్ లేదన్నాడు. అక్కడితో పోనిస్తే బాగుండేది. బిషప్ గారు నురగ చేతులే అతని తలమీద పెట్టి, తన ప్రాణం కాపాడినందుకు దీర్ఘంగా ప్రార్థన చేశారు. తరవాత అయ్యగారు పట్టుకున్నారు. బాత్రూంలోనే ఇట్లా ఉంటే మిగతా గదులు ఎట్లా ఉన్నాయో చూడకుండా కదలనిచ్చేది లేదన్నారు. లేని లీకును గది గదికీ వెతుకుతూ, ఉన్న స్విచ్చులన్నీ విప్పి బిగిస్తూ సుందర్ రావు రెండు గంటలు గడిపాడు. పాపానికి శిక్ష వెంటనే పడటం అతను చూడటం అదే మొదటిసారి.

ఇల్లు చేరేసరికి మూడుంబావు. అన్నం ముట్టలేదు. మూతలు తుడిచాడు, పికప్పుల మీద కూర్చోబెట్టాడు. సొట్టల వల్ల సరిగా కూర్చోకపోతే బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టాడు. టకటకా సోల్డరింగ్ పెట్టాడు, గిటారులో బిగించాడు, తీగలు ఎక్కించి శ్రుతి చేశాడు. యాంప్లిఫయర్ రాత్రే చర్చికి చేరింది కాబట్టి మోగించి చూసుకునే వీలు లేదు. విప్పి చూడందే బిగించకూడదన్న నియమం ఉంది గాని, మోగించి చూడందే తీసుకుపోకూడదన్న నియమం షెడ్డులో ఎవరూ పెట్టలేదు.

చర్చి నిండా గుమ్మడికాయలు, వరి కంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. సుందర్ రావు మూల కుర్చీలో కూర్చుని ప్లగ్గు పెట్టాడు. గుయ్యి లేదు. అయ్యగారు మౌనప్రార్థన అన్నారు. ఒక కోడి తప్ప అందరూ మౌనంగా ఉన్నారు, గిటారు అన్నిటికన్నా మౌనంగా ఉంది. పౌలు అంతటివాడు కూడా ఒక కన్ను తెరిచి ఆశ్చర్యంగా చూశాడు. సుందర్ రావుకు ఏడుపొచ్చినంత పనైంది. మొదటి కీర్తనకు అందరూ లేచారు. అతను తీగల మీద చెయ్యి వేసి కొట్టాడు.

ఏమీ వినిపించలేదు.

బటన్ తిప్పాడు. మళ్ళీ కొట్టాడు. ఎలక్ట్రీషియన్ కావడంతో జరిగింది రెండో చరణానికల్లా అర్థమైంది. తల్లి పేరు దగ్గరి సొట్ట లోపలి తీగకు ఆనుకుంది. వాయించిందంతా వాయించినట్టే మూతలోకి, అక్కణ్ణుంచి ఎర్తు తీగ గుండా భూమిలోకి పోతోంది. ఇప్పుడు ఆపితే కుర్చీ పోతుంది. మొదటి వరసలో సారమ్మ కూర్చుని ఉంది. సుందర్ రావు పళ్ళు బిగించి వాయించాడు. భుజాలు ఊపాడు, తల ఊపాడు, ఒక్క స్వరం తప్పకుండా ఏడు కీర్తనలు వాయించాడు. వాటిలో ఒక్కటీ ఎవరి చెవినా పడలేదు.

ఆరాధన ముగిశాక బిషప్ గారు లేచి, తాను ఎన్నో సంఘాలు చూశానన్నారు. పాటను మింగేయకుండా పాట వెనక ఇంత అణకువగా నిలబడిన గిటారును ఎక్కడా చూడలేదన్నారు. "పైగా దానిమీద కన్నతల్లి పేరు రాయించుకున్నాడు," అంటూ గిటారు వైపు చెయ్యి చూపారు. ఆ పేరెవరిదో అయ్యగారు అప్పుడే ఆయన చెవిలో వేశారు. ఆ పేరును మధ్యాహ్నం ఎక్కడో చూసినట్టుందని కూడా అన్నారు గాని, ఎక్కడో గుర్తు రాలేదు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. సారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పౌలు హార్మోనియం మూసి స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు. "గిట్ల వాయిస్తే నాకేం అభ్యంతరం లేదు సుందర్ రావ్. గిట్లనే వాయించాలె, జీవితాంతం."

అయ్యగారు ఆ మాటనే తీర్మానం చేసేశారు. కుర్చీ నిలిచింది. విమలమ్మ మాత్రం వెళ్ళిపోతూ ఆగి, సబ్బు డబ్బీ ఎక్కడో కనపడకుండా పోయిందని సారమ్మకు క్షమాపణ చెప్పుకుంది. పేరున్న వస్తువు ఎక్కడికీ పోదని, ఇంటికే వస్తదని సారమ్మ ఆమెకు ధైర్యం చెప్పింది.

ఇంటికి నడుస్తూ సారమ్మ చెవులు రెండూ రుద్దుకుంది. తరవాత కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "అందరు మంచిగున్నదన్నరు బిడ్డా. నా చెవులకే ఏమైందో, నాకేమో ఒక్క ముక్క ఇనవడలె."

ఆ మాట సుందర్ రావుకు ఎక్కడో తగిలింది. ఆ రాత్రే మూత విప్పి, సొట్టకూ తీగకూ మధ్య చిన్న టేపు ముక్క అంటించాడు. చర్చి నుంచి తెచ్చిన యాంప్లిఫయర్‌లో గిటారు గంటలా మోగింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చిలో పాడినవన్నీ మధ్యాహ్నం ఇంట్లో తల్లి కోసం మొదటినుంచీ చివరిదాకా వాయిస్తాడు, వీధి చివరిదాకా వినిపిస్తుంది. పొద్దున చర్చికి బయలుదేరేముందు మాత్రం ఆ టేపు ముక్కను జాగ్రత్తగా పీకి, కీర్తనల పుస్తకంలో పెట్టుకుంటాడు.