పశువుల డాక్టరుకు మాటలొచ్చాయి

పశువుల డాక్టర్లకు మాట్లాడటం నేర్పించాలన్న ఆలోచన మొట్టమొదట ఏ మహానుభావుడికి వచ్చిందో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం నాలుగు రోడ్ల కూడలిలో ఆయనకో విగ్రహం పెట్టించాలని నా కోరిక. విగ్రహం నోరు బార్లా తెరిచి ఉండాలి. చెవుల సంగతి శిల్పి ఇష్టం.

నవ్వకండి! మీరే ఆలోచించండి. మనుషుల డాక్టరు దగ్గరకెళ్లిన రోగి తన నొప్పేదో తానే చెప్పుకుంటాడు. పశువుల డాక్టరు దగ్గరకొచ్చే రోగికి ఎలాగూ నోరు లేదు. డాక్టరుకు కూడా లేకపోతే ఆ గదిలో ఇక మాట్లాడేదెవరు?

ఇదంతా గాల్లోంచి పుట్టించి చెప్పడం లేదు. సాక్షాత్తూ మా బావే పశువుల డాక్టరు. మా అక్కను పెళ్లాడి ఇరవై రెండేళ్లయింది. ఈ ఇరవై రెండేళ్లలో ఆయన ఆడిన మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. ఇక ఆసుపత్రిలోనైతే అయిదే అయిదు ముక్కలు. "పట్టుకో." "వదిలెయ్." "ఎన్నాళ్లైంది?" "రేపు తీసుకురా." "లాభం లేదు."

జనం కూడా పాపం అమాయకులు, ఆ అయిదు ముక్కలకే అలవాటు పడిపోయారు. "పట్టుకో" అంటే సూది మందు పడబోతోందని, "రేపు తీసుకురా" అంటే గండం గడిచినట్టేనని, "లాభం లేదు" అంటే దగ్గర కూర్చుని తల నిమరాలని తెలుసుకున్నారు. అర్థం కాలేదని వెనక్కొచ్చిన మనిషి ఒక్కడు లేడు. ఎంత వెనకబాటుతనమో చూడండి!

ఈ చీకట్లోకి పై ఆఫీసు వారు దీపం పట్టుకొచ్చారు. ముందుగా ఒక సర్వే చేయించారు. అందులో ఒకావిడ, "డాక్టరుగారు మా పిల్లి వంకే చూస్తారు తప్ప మా వంక చూడరు" అని వాపోయింది. ఇంతకంటే ఘోరం ఉంటుందా? పశువుల డాక్టరు పశువును చూడటమా!

వెంటనే ఆర్డరు వచ్చేసింది. డాక్టర్లందరికీ మూడు రోజులు కమ్యూనికేషన్, లీడర్‌షిప్ శిక్షణ. ఆ తర్వాత రెండు వారాలు పరీక్ష. జంతువును తెచ్చిన ప్రతి మనిషీ వెళ్లేముందు పద్నాలుగు ప్రశ్నల ఫారం నింపాలి. సగటున అయిదుకు మూడు రాని డాక్టరును ఆసుపత్రి నుంచి తప్పించి మందుల గోడౌనులో కూర్చోబెడతారు.

ఆ చివరి వాక్యం చదివాక మా బావకు అన్నం సయించలేదు. గోడౌనులో జంతువులుండవు కదా, ఎలకలు తప్ప! ఆవు పొట్ట మీద చెయ్యి వేసి లోపలి సంగతి చెప్పడం తప్ప ఆ మనిషికి వేరే విద్య రాదు. అది లాగేసుకుంటే ఇంకేం మిగులుతుంది?

"ఏమండీ, కాస్త నవ్వు ముఖం పెట్టండి చాలు. మిగతాది దేవుడు చూసుకుంటాడు," అంది మా అక్క.

మా బావ ప్రయత్నించాడు. మా మేనకోడలు జడుసుకుంది.

సరే, శిక్షణకు వెళ్లాడు. చల్లటి ఏసీ హాలు. నేర్పేవారు నల్ల కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి. అంతకుముందు ఫోన్లు అమ్మేవాళ్లకూ, హోటల్లో తలుపులు తీసేవాళ్లకూ ఇదే పాఠం చెప్పారట. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం అని కొందరు ముసలి డాక్టర్లు గొణుక్కున్నారు. గొణగడం కూడా కమ్యూనికేషనే కాబట్టి కోటు సారు సంతోషించారు.

హాల్లోకి జంతువుల్ని రానివ్వరు. కార్పెట్ పాడవుతుందట. అందుకని ముప్ఫయ్యేళ్ల సర్వీసున్న సర్జన్‌గారిని ఆవుగా నిలబెట్టారు. ఆయన తన అనుభవమంతా రంగరించి, పొట్ట నొప్పి వచ్చిన ఆవు ఎలా అరుస్తుందో అలా అరిచారు. కోటు సారు చెవులు మూసుకుని, "ఆవుగారు కొంచెం సహకరించాలి" అన్నారు.

అక్కడ నేర్పిన సూత్రాలు మచ్చుకు కొన్ని చెబుతాను, మీకూ పనికొస్తాయి. ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలి. పళ్లు కనబడేలా నవ్వాలి. వాళ్లు అన్నమాటే మళ్లీ వాళ్లకు అప్పజెప్పాలి, విన్నామని తెలియడానికి. చేదు కబురు ఉంటే ముందొక తీపి మాట, వెనకొక తీపి మాట వేసి మధ్యలో ఇరికించాలి. "చావు", "చీము", "ప్రమాదం", "వద్దు" లాంటి నెగెటివ్ మాటలు నోట రాకూడదు. వాటి బదులు "అవకాశం" అనాలి.

లీడర్‌షిప్ పాఠం ఇంకా గొప్పది. నాయకుడనేవాడు తన టీమ్‌ను ముందుకు నడిపించాలన్నారు. మా బావ ఆసుపత్రిలో ఉన్నది ఒక డాక్టరు, ఒక కాంపౌండరు. ఆ సాయంత్రం నుంచి కాంపౌండరు పేరు "టీమ్" అయింది. జీతం మారలేదు గానీ హోదా పెరిగింది కదా!

ఇక పరీక్ష మొదలైంది. మొదటి రోజే కోటు సారు స్వయంగా ఆసుపత్రికి వచ్చి, ఎలా పలకరించాలో చూపిస్తానంటూ ఒక పెద్ద కాపలా కుక్క మీదికి వంగి, కళ్లలో కళ్లు పెట్టి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వారు. కుక్కల భాషలో ఈ మూడూ కలిస్తే "రా, తేల్చుకుందాం" అని అర్థం. మా బావ "వద్దు" అన్నాడు. అది నెగెటివ్ మాట కాబట్టి కోటు సారు పట్టించుకోలేదు. ప్యాంటు చిరిగింది గానీ కండ ఊడలేదు, ఆయుష్షు గట్టిది.

రెండో వారం జిరాక్స్ షాపావిడ తన కుక్కను తీసుకొచ్చింది. ఆవిడ ఒంటరి మనిషి. షాపు వెనక చిన్న గదిలో ఆవిడా, ఆ గోధుమరంగు కుక్కా ఉంటారు. దాన్ని "మా పిల్ల" అంటుంది. నాలుగు రోజులుగా పిల్ల తిండి ముట్టడం లేదట, బకెట్లు బకెట్లు నీళ్లు తాగుతోందట.

మా బావ పొట్ట మీద చెయ్యి వేశాడు. అర నిమిషంలో తెలిసిపోయింది. గర్భసంచి నిండా చీము. ఆ పూటే కోసి తీసెయ్యకపోతే విషం ఒళ్లంతా పాకుతుంది. పాత రోజులైతే "ఇవాళే కొయ్యాలి. పట్టుకో" అని టేబుల్ ఎక్కించేసేవాడు. కానీ పక్కనే కుర్చీలో కోటు సారు, చేతిలో నోట్‌బుక్కు! కళ్ల ముందు గోడౌను!

మా బావ గొంతు సవరించుకుని, జిరాక్స్ షాపావిడ కళ్లలోకి చూసి, నవ్వాడు.

"అమ్మా, మీ పిల్ల ఒళ్లు ఎంత నిగనిగలాడుతోందో! మీరు ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో తెలుస్తూనే ఉంది. లోపల గర్భసంచి విషయంలో కాస్త శ్రద్ధ పెట్టే అవకాశం కనిపిస్తోంది. ఈ రోజే ఆపరేషన్ అనే మార్గాన్ని మనం కలిసి ఆలోచించవచ్చు. ఏమైనా, ఇంత మంచి కుక్కను నేను ఈమధ్య చూడలేదు. మీకేమనిపిస్తోంది?"

ఆవిడ కళ్లు చెమర్చాయి. ఈ డాక్టరు నోటి నుంచి ఇన్ని మాటలు! ఇన్నేళ్లలో ఎవరికైనా దక్కాయా?

"మీ నోటి చలవ డాక్టరుగారూ! నాకైతే పర్వాలేదనిపిస్తోంది."

మా బావ సూత్రం ప్రకారం ఆవిడ మాట ఆవిడకు అప్పజెప్పాడు.

"అంటే, పర్వాలేదన్నమాట."

"అమ్మయ్య! మీరూ అదే అన్నారు కదా, ఇంక నాకు బెంగ లేదు," అంటూ పిల్లను తీసుకుని లేచింది ఆవిడ. "షాపు తెరిచి పెట్టి వచ్చాను, వెళ్లొస్తా."

ఆపరేషన్‌కు పర్వాలేదన్నదనీ, షాపు మూసి పిల్లతో తిరిగొస్తుందనీ మా బావ అనుకున్నాడు. కాంపౌండరును కత్తులు మరిగించమన్నాడు. కోటు సారు నోట్‌బుక్కులో "అద్భుతం" అని రాసుకున్నారు.

గంట గడిచింది. గంటన్నర గడిచింది. ఆవిడ జాడ లేదు. ఈలోగా చిలకను తెచ్చిన ఒక రిటైర్డు లెక్కల మాస్టారు దాని జీవిత చరిత్ర మొదలుపెట్టారు. మధ్యలో అడ్డు రాకూడదని సూత్రం. చిలక గుడ్డులో ఉన్నప్పటి సంగతులు నడుస్తుండగా కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు. ఫారాలు చదవకుండా డబ్బాలో వేయాలి గానీ, మనిషన్నాక ఆగగలడా?

"సార్! జిరాక్స్ షాపమ్మ మీకు అయిదుకు అయిదు వేసింది సార్! పద్నాలుగు ప్రశ్నలకీ టిక్కే! కింద ఏం రాసిందో చూడండి. మా పిల్లకేమీ లేదని డాక్టరుగారు ఎంతో ఆప్యాయంగా చెప్పారు అని రాసింది!"

మా బావ గుండెలో రాయి పడింది. సర్వీసు మొత్తంలో మొదటిసారి అయిదుకు అయిదు వచ్చాయి. తన నోటితో తానే ఆ కుక్కను చావుకు సాగనంపాడు. అదీ నవ్వుతూ!

దిగ్గున లేచాడు. చిలక ఇంకా గుడ్డులోంచి బయటికి రాలేదు.

"డాక్టరుగారూ! ముగింపు వాక్యం చెప్పకుండా లేవకూడదు!" అని కోటు సారు వెనక నుంచి కేకేశారు. స్కూటరు అప్పటికే గేటు దాటింది.

జిరాక్స్ షాపులో ఆవిడ ఎవరివో సర్టిఫికెట్లు కాపీ తీస్తోంది. మిషన్ పక్కన వెచ్చగా ఉన్నచోట పిల్ల ఒరిగి పడుకుని ఉంది. డాక్టరును చూసి తోక ఒక్కసారి నేలకు కొట్టి ఊరుకుంది.

"అమ్మా, మిషన్ ఆపండి. కుక్క కడుపులో చీముంది. ఇవాళ కొయ్యకపోతే రేపటికి చచ్చిపోతుంది. లేవండి."

ఆవిడ చేతిలోని కాగితాలు జారిపోయాయి. "మరి పొద్దున అంత నవ్వుతూ చెప్పారేంటి బాబూ?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ సూత్రంలోనూ లేదు. మా బావ తల వంచుకున్నాడు.

"పొద్దున నేను చెప్పింది తప్పు. పట్టుకోండి."

ఆవిడ పిల్లను రెండు చేతులా ఎత్తుకుని స్కూటరెక్కింది. సగం కాపీలతో నిలబడిపోయిన కస్టమరు ఏమైపోయాడో ఇప్పటికీ తెలియదు.

రెండు గంటల ఆపరేషన్. ఇదంతా కాంపౌండరూ, జిరాక్స్ షాపావిడా చెప్పగా విన్నదే. మా బావ చెబితే "కోశాను, బతికింది" అని రెండు ముక్కల్లో అయిపోయేది. బయటికొచ్చి ఆవిడతో అన్నదీ అంతే. "రేపు తీసుకురండి." ఆవిడ అక్కడే బల్ల మీద కూలబడి భోరుమంది. ఆ ముక్కకు అర్థం ఆవిడకు తెలుసు.

రూలు రూలే కాబట్టి కాంపౌండరు ఇంకో ఫారం చేతికిచ్చాడు. డాక్టరు పలకరించారా? లేదు. నవ్వారా? లేదు. మీ అభిప్రాయం అడిగారా? లేదు. మీకు మాట్లాడే అవకాశం ఇచ్చారా? లేదు. ఆవిడ ఒక్కొక్కటీ నిజాయితీగా నింపుతూ పద్నాలుగో ప్రశ్న దాకా వచ్చింది. కుక్క ఎలా ఉందని అడిగే ప్రశ్న కోసం కాగితం తిరగేసి కూడా చూసింది. దొరక్కపోయేసరికి, గళ్లన్నిటికీ అడ్డంగా పెద్ద పెద్ద అక్షరాలతో "బతికింది" అని రాసేసింది.

పై ఆఫీసులో ఫారాలు చదివేది మిషను. గళ్ల మీద అడ్డంగా రాసిన ఫారం చెల్లదని పక్కన పడేసింది. మొదటి ఫారం మాత్రం నిక్షేపంగా చెల్లింది. మిగతావాళ్లు కూడా నవ్వుకు ముచ్చటపడి మంచి మార్కులే వేశారేమో, లెక్క తేలేసరికి డిపార్టుమెంటు మొత్తంలో మా బావే ఫస్టు! కోటు సారు నోట్‌బుక్కులోని "అద్భుతం" కూడా తోడైంది.

ఇంత ప్రతిభను పశువుల మధ్య వృథా చేస్తారా? ఉత్తమ కమ్యూనికేటరని శాలువా కప్పి, మిగతా డాక్టర్లకు మాటలు నేర్పే పని అప్పజెప్పారు. వారానికి మూడు రోజులు ఏసీ హాల్లో. మా బావ నోరు తెరిచి "నాకొద్దు" అన్నాడట. అది నెగెటివ్ మాట కాబట్టి రికార్డు చేయలేదు.

ఆసుపత్రికి రెండో డాక్టరు లేడు కాబట్టి ఆ మూడు రోజులూ తాళం. కాంపౌండరు కూడా టీమే కనుక హాల్లో ఆవు వేషానికి పనికొస్తాడని తీసుకెళ్లారు. అయినా ప్రజలకు ఏ లోటూ రానివ్వలేదండోయ్! తలుపుకు అందమైన బోర్డు పెట్టారు.

మొన్న మంగళవారం అటు వెళ్తుంటే ఆ తలుపు ముందు ఒక కూరగాయల బండాయన కనిపించాడు. బండి మీద కాలు విరిగిన మేక. తనకు చదువు రాదనీ, బోర్డు చదివి పెట్టమనీ అడిగాడు. గట్టిగా చదివాను.

"ప్రియమైన జంతు ప్రేమికులారా! మీ రాక మాకెంతో ఆనందం. మీ బాధను మేము మనసారా అర్థం చేసుకోగలం. మా డాక్టరుగారు మీతో మరింత చక్కగా మాట్లాడేందుకు కృషి చేస్తున్నారు. మీ నేస్తాన్ని గురువారం వరకు ఓపికగా చూసుకునే అవకాశాన్ని పరిశీలించగలరు. మీ చిరునవ్వే మాకు బహుమతి!"

ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. మేక తల మీద చెయ్యి తీయకుండా తాళం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"లోపల ఎవరూ లేరు, అంతేగా బాబూ?"

అంతే. ఏసీ హాల్లో ఒక్క రోజైనా కూర్చోలేదు ఆ మనిషి!