తిరిగి తినండి

మా ఆవిడ అరుణకుమారి పోయిన రోజు నేను నాలుగు వందల పన్నెండు కాలరీలు కరిగించాను. ఆసుపత్రిలో ఆవిడ చేతి వాచీ నర్సు విప్పి నాకిచ్చింది. జేబులో పెడితే ఎక్కడ పారేసుకుంటానోనని నా చేతికే పెట్టుకున్నాను. ఆ కౌంటరుకీ ఈ కౌంటరుకీ తిరుగుతూ, మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాను. సాయంత్రానికి వాచీ వణికింది. అచ్చ తెలుగులో అభినందించింది: 'శభాష్ అరుణకుమారీ! ఈ రోజు 412 కాలరీలు కరిగించారు. తిరిగి తినండి!'

పాఠకులారా! వ్యాయామంలో కరిగిన కాలరీలను మళ్ళీ తినొచ్చా తినకూడదా అని లోకం రెండు ముక్కలై వాదించుకుంటోంది. తినాలి! తినే తీరాలి! బరువు తగ్గదలచినవాళ్ళకి తినడాన్ని మించిన దారి లేదు. ఏడు నెలల అనుభవంతో చెబుతున్నాను.

నేను కలకత్తా పక్కన హౌరాలో, షాలిమార్ స్టేషన్ దగ్గర తెలుగు బడిలో ఇరవై ఏడేళ్ళుగా వ్యాకరణం చెబుతున్నాను. మాటను నమలకుండా మింగను. 'తిరిగి' అంటే 'మళ్ళీ' అని ఒక అర్థం. 'తిరగడం ముగించి' అని రెండో అర్థం. వాచీ ఏది ఉద్దేశించింది? మళ్ళీ తినమనా, తిరిగొచ్చి తినమనా? ఆజ్ఞలో సందేహం ఉంటే రెండు విధాలా పాటించడం మేలు. అందుకని రోజూ పొద్దున్నే స్టేషన్ దాకా తిరిగి, నాలుగు కచోరీలు తిని, మళ్ళీ తింటున్నాను.

వాచీది ఎంత పెద్ద మనసో! నల్లబల్ల మీద క గుణింతం రాస్తే అర కిలోమీటరు ఈత కొట్టానంది. మినీబస్సులో రాడ్ పట్టుకుని వేలాడితే కొండెక్కానంది. కలకత్తాలో కొండ! దోమల్ని చప్పట్లు కొట్టి చంపిన సాయంత్రం టెన్నిస్ ఆడినందుకు ఏకంగా పతకమే ఇచ్చింది. ఇంతటి ఆటగాడు ఆకలితో ఉండొచ్చా?

మా పక్కింటి బంగారయ్య ఓడరేవు డాక్‌లో మూటలు మోసి రిటైరయినవాడు. కచోరీ బండి దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఏటి మాస్టారూ, బరువు తగ్గడానికి తింటన్నారేటి?"

సిద్ధాంతం వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"అలగైతే ముప్పై నాలుగేళ్ళు మూటలు మోసినాను. నాకెన్ని కచోరీలు రావాలేటి?"

లెక్క కట్టాను. పక్కపక్కనే పేరిస్తే హౌరా వంతెన దగ్గర మొదలై పాతిక కిలోమీటర్ల అవతలి బడ్జ్ బడ్జ్ దాటిపోయాయి.

"ఆలూ కూరతోనేనా?" అన్నాడు బంగారయ్య.

ఈ శాస్త్రానికి శత్రువులు లేకపోలేదు. బంగారయ్య మనవరాలు పూజిత నా పాత శిష్యురాలు, సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆవిడకి ఆ వాచీ కొనిపించి, అందులో తెలుగు పెట్టింది తనే. పోయిన ఆదివారం తాతని వెతుక్కుంటూ బండి దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, వాచీ ఎక్కువ చేసి చెబుతుంది. మహా అయితే సగం తినండి. పైగా దాని లెక్కలో మీరు యాభై మూడేళ్ళ ఆడమనిషి, డెబ్బై కిలోలు!"

"మర్యాదగానే చూస్తోంది కదమ్మా."

"అమ్మగారి పేరు తీసేసి మీది పెడితే లెక్క సరిగ్గా వస్తుంది. రెండు నిమిషాల పని. కాకపోతే ఆవిడ పాత నడకలన్నీ చెరిగిపోతాయి."

చేతికి నూనె అయిందన్నాను. బంగారయ్య తన ఆకులోని కచోరీ ఒకటి నా ఆకులో వేశాడు.

వాచీ మీద నాకు ఫిర్యాదు లేదు. రెండేళ్ళపాటు రోజూ సాయంత్రం ఆవిడకీ అదే చెప్పింది, తిరిగి తినండి అని. ఆవిడే వినలేదు. "ఆరు కిలోలూ తగ్గాక తింటాను లెండి" అంటూ తన వంతు సందేశ్ మిఠాయి నా పళ్ళెంలో పెట్టేది. నేను తినేసేవాణ్ణి. తిరిగింది ఆవిడ, తిన్నది నేను. సగం నువ్వు తిను అని ఒక్క రోజు అనలేదు. నాలుగున్నర కిలోలు తగ్గింది. డెంగ్యూ ఎవరి బరువూ అడగదు.

పూజిత మాట పట్టుకుని మొన్న ఒక పూట వాచీ విప్పి బల్ల మీద పెట్టాను. మూడు గంటలు ఊరుకుంది. తర్వాత బల్లంతా వణికేలా మోగింది: 'అరుణకుమారీ, మీరు కనిపించడం లేదు. తిరిగి రండి!'

వ్యాకరణం మాస్టర్ని. ఈ వాక్యానికీ రెండర్థాలున్నాయి. మొదటిది నా చేతిలో లేదు. రెండోదాన్ని పట్టుకుని, వాచీ పెట్టుకుని, స్టేషన్ దాకా తిరిగి వచ్చాను.

పేరు మార్చడం రెండు నిమిషాల పని. ఇంకా చెయ్యలేదు.