అరగదీసిన రెక్క

ఒక పెద్ద అడవిలో సంగీతానికి కొదవ లేదు, సంగీత పరిషత్తుకీ కొదవ లేదు. పరిషత్తు అధ్యక్షుడు ఎలుగుబంటి. సభ్యులన్నీ తొండలే. ఏం చెప్పినా తలలూపుతాయి కాబట్టి అక్కడ ఇంతవరకూ ఏ తీర్మానమూ వీగిపోలేదు.

ఆ అడవిలోనే ఝంకారం అనే కీచురాయి ఉండేవాడు. రెక్కలే వాడి గిటారు. ఒక రెక్కకున్న రంపపు పళ్ళ మీద రెండో రెక్క పెట్టి రుద్దాడంటే, ఆ హెవీ మెటల్ మోతకి వాడుండే గుహ అదిరిపోయేది. గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూనే తలలు ఊపేసేవి. అంత వేగంగా వాయించేవాడు ఇంకొకడు లేడని వాటి నమ్మకం. నిజం కూడా అంతే.

కానీ మనవాడి మనసంతా పెద్దబండ మీదే. ఏటా వసంతోత్సవం కచేరీ జరిగేది అక్కడే. ఎన్నాళ్ళని ఈ చీకట్లో వాయించడం, ఒక్కసారైనా అడవంతా తనని వినాలని వాడి ఆశ. చివరికి సిగ్గు విడిచి అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు.

"నీ వేగం నాకు తలనొప్పోయ్. నోటినిండా తేనె పెట్టుకుని కూడా నేను కూనిరాగం తీసుకోగలగాలి. అలాంటిది కట్టు," అన్నాడు ఎలుగుబంటి. తొండలు తలలూపాయి.

మూడు స్వరాల పాట కట్టాడు. గరగర ఇంకా పోలేదన్నారు. అయితే రెక్క పళ్ళు అరగదీసుకుంటానన్నాడు. ముసలి గబ్బిలం కాళ్ళావేళ్ళా పడింది. "వద్దు నాయనా, అవి మళ్ళీ మొలవవు," అంది. ఓర్వలేకే అంటోందనుకున్నాడు ఆ తెలివితక్కువవాడు. గరుకురాయికి రెక్క రాసి, మూడు స్వరాలకి మూడు పళ్ళు మాత్రం ఉంచుకున్నాడు.

కచేరీ అదిరింది. జింకలూ కుందేళ్ళూ అక్కడికక్కడే అందుకుని పాడేశాయి. మర్నాటికి ఆ పాట రానివాళ్ళు అడవిలో లేరు. ఝంకారం ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మరుసటి ఏడు కచేరీ కప్పలకిచ్చారు. అదే పాట, గొంతు ఇంకా పెద్దది, గుప్పెడు ఈగలు పడేస్తే చాలు. ఝంకారం లబోదిబోమంటూ పరుగెత్తి, పాట తనదని మొత్తుకున్నాడు.

"నీదెలా అవుతుందోయ్? నాక్కూడా వచ్చు కదా," అన్నాడు ఎలుగుబంటి నోటినిండా తేనెతో. తొండలు తలలూపాయి.

పాపం, గుహకే తిరిగొచ్చాడు. గబ్బిలాలు పల్లెత్తు మాట అనకుండా చోటిచ్చాయి. వాడు రెక్కలెత్తి పాత వేగంతో రుద్దాడు. రెక్క మీద రెక్క చప్పుడు లేకుండా జారిపోయింది. గబ్బిలాలు మర్యాదకి తలలూపాయి, అచ్చం తొండల్లా.

నీతి: అడవంతా పాడుకునేలా పాట కట్టండి. ఆ తర్వాత మీరు హాయిగా కూర్చుని వినొచ్చు.